మన ప్రాంతం మీద పరిశోధనలు మనం చదివేదెలా?

పర్లాకిమిడి టీచరమ్మ:
మాది గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు. ఇక్కడి సవర గిరిజనుల మీద, 1936లో ఒడిశా ఏర్పడినప్పటి సరిహద్దు గొడవల మీద కొత్త వ్యాసాలు వస్తున్నాయి. మా నాన్నకి చదివి వినిపిద్దామంటే ఒక్కోదానికి డాలర్లు అడుగుతున్నారు. దారేమైనా ఉందా?

బరంపురం కుర్రాడు:
మేడమ్, శోధ్‌గంగ వెబ్‌సైట్ చూడండి. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితం. లావు చూసి టెన్షన్ పడొద్దు, ముందు చివరి అధ్యాయం చదవండి. జర్నల్ వ్యాసమైతే రచయితకే మెయిల్ పెట్టండి, చాలామంది పీడీఎఫ్ పంపేస్తారు. జర్నళ్లకి ప్రభుత్వమే చందా కట్టే పథకం, 2025లో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’, మనలాంటి వాళ్లకి కాదు, ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే.

రాయగడ పిన్ని:
పీడీఎఫ్ వస్తే అయిపోయిందా నాయనా? ఆ ఇంగ్లీషు నాకే కొరుకుడు పడదు. గిడుగు వారు సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. పండితుల కోసం ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. రెండు పనులూ ఒక్కరే! ఇప్పటివాళ్లు మన ఇళ్లలో టీ తాగి, మాటలు రికార్డు చేసుకుని వెళ్తారు. తెలుగులోనో ఒడియాలోనో నాలుగు పేజీలు రాసి పంపితే ఏం పోయింది?

పర్లాకిమిడి టీచరమ్మ:
నిజమే పిన్నిగారూ. వచ్చే ఆదివారం మా లైబ్రరీకి ఒక రీసెర్చ్ స్కాలర్‌ని పిలిచాం. తెలుగులోనే మాట్లాడాలని ముందే షరతు పెట్టాం. వీలైతే రండి.