ఫిట్స్ ఉన్న కుక్కను బోర్డింగ్‌లో వదలాలంటే

కొర్లగుంట వాసి: లాబ్రడార్, 28 కిలోలు. ఫిట్స్ రాకుండా గార్డినాల్ 60 మాత్ర రెండు పూటలా. నాలుగు రోజులు బోర్డింగ్‌లో (డబ్బులు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట) వదలాలి. ఏమేం రాసివ్వాలన్నా?

రేణిగుంట రోడ్డు: ముందు టైము. పొద్దున 7 అంటే రాత్రి 7. ఒక్క పూట పోయినా ఫిట్స్ తిరగబెట్టొచ్చు. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వెయ్యాలి, తర్వాత రెండూ కలిపి వెయ్యకూడదు. పూటకో పొట్లం, పైన తేదీ, టైము. రెండు రోజులకు ఎక్కువే కట్టివ్వండి. ఇడ్లీలో పెట్టిస్తే ఇడ్లీ మింగి మాత్రను చెంప పక్కనుంచి జార్చేస్తుంది. మూతి మూసి పట్టుకుని గొంతు నిమరాలి. నాలుకతో ముక్కు తడుపుకుంటే మింగినట్టు.

తిరుచానూరు99: చేర్చుకునే ముందు పిడుదుల మాత్ర వెయ్యమంటారు, అది మాత్రం వద్దు. ఫ్లురలానర్, అఫాక్సొలానర్, సారోలానర్ రకం మందులతో ఫిట్స్ రావొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. బదులుగా మెడ మీద ఫిప్రోనిల్ అనే పిడుదుల మందు చుక్కలు వేయించండి.

రేణిగుంట రోడ్డు: చుక్కలు వేసిన రోజే స్నానం చేయించి తెస్తారు, మందంతా కడుక్కుపోతుంది. ఒక్క కుక్క పిడుదులతో వస్తే మా బోర్డింగ్ షెడ్డంతా పాకుతాయి.

తిరుచానూరు99: వద్దంటే వద్దు. మీకు షెడ్డే ముఖ్యమా?

రేణిగుంట రోడ్డు: ఫిట్స్ ఉందని చెప్తే కదా మాత్ర మానేది! చాలామంది చెప్పనే చెప్పరు.

కొర్లగుంట వాసి: చెప్తే చేర్చుకోవడం లేదు సామీ. విటమిన్ మాత్రలని చెప్దామనుకుంటా ఉండా.

తలకోన: అమ్మో, అంత పని చెయ్యొద్దు.

రేణిగుంట రోడ్డు: విటమిన్ అంటే పూట తప్పినా ఎవరికీ పట్టదు. అర్ధరాత్రి కొట్టుకుంటే పనిపిల్లోడు తాళాలు పట్టుకుని పరిగెత్తుతాడు, లేదా నాలుక మింగుతుందని నోట్లో చెయ్యి పెడతాడు. నాలుక మింగదు, వాడి వేళ్లు తెగుతాయి. పక్క కుక్కలు మీద పడతాయి, వాటిని ముందే వేరు చెయ్యాలి. గడియారం చూసుకోవాలి, తల తగలకుండా చుట్టూ ఖాళీ చెయ్యాలి, ఒళ్లు కాలిపోతుంది కాబట్టి ఫ్యాను వెయ్యాలి. 5 నిమిషాలు దాటినా, అదే రోజు మళ్లీ వచ్చినా ఆస్పత్రికే. ఇదంతా చెప్పకుండా ఎవరికి తెలుస్తుంది?

తిరుచానూరు99: గేటుకు తాళం వేసి ఇళ్లకు పోయే చోట చెప్పినా ఏం లాభం? రాత్రి ఎవరుంటారు, ఎక్కడ పడుకుంటారు? కుక్క చప్పుడు వినిపించేంత దగ్గర్లో లేకపోతే ఇంటికే మనిషిని పెట్టుకోవాలి.

రేణిగుంట రోడ్డు: దానికి ఎదురు చెప్పను. మరి ఆ రాత్రి మనిషి జీతం ఎవరిస్తారు?

కొర్లగుంట వాసి: విడిగా నేనిస్తా. ఫిట్స్ సంగతీ చెప్తా. ఫిట్స్ ఆపే డయాజెపాం మందు ముందే సిరంజిలో నింపి ఇవ్వొచ్చా?

రేణిగుంట రోడ్డు: వద్దు. ప్లాస్టిక్ ఆ మందును పీల్చేసుకుంటుంది. వెలుతురు తగలకుండా ఆంప్యూల్‌ను (మందున్న చిన్న గాజు సీసాను) అట్టపెట్టెలోనే ఇవ్వండి. ఎన్ని ఎం.ఎల్. అన్నది వెటర్నరీ కాలేజీ డాక్టరు చేత పెట్టె మీదే రాయించండి. అవసరమైనప్పుడే సిరంజిలోకి లాగి, సూది తీసేసి మలద్వారంలోకి ఎక్కించడం రాత్రి మనిషికి దగ్గరుండి చూపించి పొండి.