పాత కారులో ఎడమ సీటు కాళ్ల దగ్గర వాన నీళ్లు: ఎక్కడి నుంచి దిగుతున్నాయో పట్టుకోవడం ఎలా?

హన్మకొండ_పాతబండి:
అందరికీ నమస్కారం. మాది 2009 మోడల్ చిన్న డీజిల్ కారు. నాన్న రిటైర్ అయినప్పుడు వచ్చిన డబ్బులతో కొన్నారు. ఆయన పోయి నాలుగేళ్లయింది, అందుకే బండి అమ్మే ఆలోచన లేదు. ఇంజన్ ఇప్పటికీ బాగుంది. సమస్యల్లా నీళ్లతోనే. వారం రోజులుగా ముసురు పట్టింది కదా, మొన్న ఎడమ వైపు ముందు మ్యాట్ ఎత్తి చూస్తే కింద కార్పెట్ మొత్తం చిత్తడి. వేలితో నొక్కితే నీళ్లు పైకి ఊరుతున్నాయి. పొద్దున్నే తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. అద్దాలు లోపలి నుంచి మసకబారుతున్నాయి. అమ్మకు ఆయాసం ఉంది, ఆ వాసనలో ఆమెను కూర్చోబెట్టాలంటే మనసు ఒప్పడం లేదు.

ఒక షెడ్డులో చూపించాను. ముందు అద్దం చుట్టూ సిలికాన్ పెట్టి 1,800 తీసుకున్నారు. తర్వాతి వానకే మళ్లీ అదే తడి. మా ఇల్లు నయీంనగర్ వైపు, బండి ఆపేది రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద. ఎక్కడి నుంచి మొదలుపెట్టి వెతకాలో చెప్పండి.

కాజీపేట_ఫిట్టర్:
తమ్ముడూ, ముందు అవి వాన నీళ్లేనా కాదా తేల్చుకోండి. ఎడమ కాళ్ల దగ్గర తడి అంటే మూడు రకాల నీళ్లు అయి ఉండొచ్చు. ఒకటి ఏసీ నీళ్లు. ఏసీ నడిచినప్పుడు లోపల కాయిల్ మీద చెమట పట్టినట్టు నీళ్లు పడతాయి, అవి సన్న గొట్టం గుండా బండి కిందకు పోవాలి. గొట్టంలో దుమ్ము అడ్డం పడితే ఆ నీళ్లు కాళ్ల దగ్గరికే వస్తాయి, ఎండాకాలంలో కూడా వస్తాయి. పదిహేను నిమిషాలు ఏసీ వేసి నిలబెట్టి, బండి కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూడండి. రెండోది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. అది వేలికి జిగటగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది, బానెట్ కింద సీసాలో మట్టం తగ్గుతూ ఉంటుంది. ఆ రెండూ కాకపోతేనే వాన.

ఇంకొకటి. బండి నిలబెట్టి ఉన్నప్పుడు తడుస్తుందా, నీళ్లున్న రోడ్డు మీద నడిపాక తడుస్తుందా? వెతకాల్సిన చోటు దాన్ని బట్టే మారిపోతుంది.

ములుగు_వైపు:
ఫిట్టర్ అన్న చివర్లో అడిగిన ప్రశ్న దగ్గరే నేను ఆర్నెల్లు దెబ్బతిన్నాను. 2023 జూలై చివరి వారం వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. మా జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. మా వాకిట్లో మోకాలి లోతు నీళ్లు, కారు సీట్ల దాకా మునిగింది. తర్వాత లోపలి నీళ్లు పోవడానికి నేల రేకుకు ఉండే రబ్బరు బిరడాలు పీకి, అన్నీ కడిగి ఇచ్చారు. అందులో ఒక బిరడా తిరిగి పెట్టలేదని ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత వాన ఎంత కొట్టినా నిలబెట్టిన బండి పొడిగానే ఉండేది. గుంతల్లో నీళ్లున్న రోడ్డు మీద పోతే మాత్రం వెనక కార్పెట్ తడిసేది. నేను పైకప్పు, అద్దాలు, తలుపులు అన్నీ వెతికించాను. నీళ్లేమో కింది నుంచి ఎగజిమ్ముతున్నాయి. కార్పెట్ ఎత్తితే రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద రంధ్రంలోంచి రోడ్డు కనిపించింది.

హన్మకొండ_పాతబండి:
ఫిట్టర్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఏసీ నీళ్లు బండి కింద మంచిగానే పడుతున్నాయి. కూలెంట్ మట్టం తగ్గలేదు. నాలుగు రోజులు బండి కదపకుండా ఉంచాను, ఏసీ వేయలేదు, అయినా తడి పెరిగింది. కాబట్టి వాన నీళ్లే, అదీ నిలబెట్టినప్పుడే.

పరకాల_టింకరింగ్:
ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. అద్దం చుట్టూ పెట్టిన ఆ సిలికాన్ పెట్టినప్పుడు పుల్లటి వాసన, సిర్కా లాంటి వాసన వచ్చిందా అన్నా? వస్తే దయచేసి దాన్ని తీయించండి. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రంగు లేచిన చోట అది రేకును తినేస్తుంది. పైగా రేపు నిజంగా అద్దం తీసి అతికించాల్సి వస్తే, సిలికాన్ మరకల మీద అసలు గమ్ పట్టదు. కారు అద్దానికి వాడేది పాలియురేతేన్ గమ్. సిలికాన్ బాత్‌రూమ్ మూలలకు పెట్టేది.

నీళ్లు కనిపించిన చోట కారణం వెతికితే దొరకదు. భూపాలపల్లి నుంచి ఒక పెద్ద బండి వచ్చింది, నడిమి సీటు మీద చుక్కలు పడుతున్నాయని. వాళ్లు అప్పటికే రెండు తలుపుల రబ్బర్లు మార్చుకొని వచ్చారు. లోపలి సీలింగ్ గుడ్డ దించి చూస్తే, ముందు వైపు క్యారియర్ బోల్టు కింద వాషర్ పగిలి ఉంది. అక్కడ దిగిన నీళ్లు రేకు లోపలి అడ్డపట్టీ వెంబడి మూడడుగులు వెనక్కి జారి, వంపు వచ్చిన చోట చుక్కగా పడుతున్నాయి. ముప్పై రూపాయల వాషర్ పని. దానికి ముందు వాళ్లు పెట్టిన ఖర్చు వింటే బాధేసింది.

ములుగురోడ్_వేపచెట్టు:
కానుగ చెట్టు కింద ఆపుతామన్నారు కదా, నా అనుమానం అంతా దాని మీదే. బానెట్ ఎత్తి వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ తీయించండి. ముందు అద్దం మీద పడ్డ వాన అంతా ఆ జాలీ కింద తొట్టి లాంటి చోట పడి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల నుంచి కిందకు పోవాలి. మా బండికి వేప పూత, రొట్ట ఆకు పడి రెండూ మూసుకుపోయాయి. బ్లోవర్ బయటి గాలి పీల్చే నోరు కూడా ఆ తొట్టిలోనే, చాలా బండ్లలో ఎడమ వైపునే ఉంటుంది. నీళ్లు నిండి ఆ నోరు దాకా లేస్తే నేరుగా గ్లవ్ బాక్స్ వెనక నుంచి కాళ్ల మీదికే. రోడ్డు అంచున ఆపితే బండి ఎడమకు కొంచెం ఒరిగి ఉంటుంది, నీళ్లు కూడా అటే చేరతాయి.

శుభ్రం చేశాక ఒక చెంబు నీళ్లు పోయండి. ముందు చక్రం వెనక నుంచి వెంటనే ధారగా కారాలి. తొట్టిలో నిలిస్తే ఇంకా అడ్డం ఉన్నట్టే.

కరీంనగర్_నుంచి:
ఇది చదివేవాళ్లలో సన్‌రూఫ్ బండి ఉన్నవాళ్లకు ఒక మాట. సన్‌రూఫ్ చట్రం నాలుగు మూలలా సన్న గొట్టాలు ఉంటాయి, నీళ్లు వాటి గుండా స్తంభాల లోపలి నుంచి కిందకు దిగుతాయి. అవి మూసుకుపోతే పంక్చర్ షాపు గాలి పైపుతో ఊదించకండి. నాకు అలాగే గొట్టం జాయింట్ ఊడిపోయి, అసలు లేని లీకు కొత్తగా వచ్చింది. మందంగా ఉండే నైలాన్ దారం మెల్లగా తోసుకుంటూ పోతే చాలు.

హన్మకొండ_పాతబండి:
వేపచెట్టు గారూ, మీ మాట నిజం! ఈ రోజు జాలీ తీశాం. లోపల దోసెడు కాదు, చిన్న బకెట్‌కు సగం కుళ్లిన కానుగ ఆకు, నల్లటి బురద. ముందు ఒక చెంబు పోసి చూస్తే నీళ్లు అలాగే నిలబడ్డాయి. ఎడమ రంధ్రంలో పాత టూత్‌బ్రష్ పెట్టి తిప్పుతూ కడిగితే, గుటుక్కున చప్పుడై మొత్తం కిందకు పోయింది. ఆ చప్పుడు వినగానే ఎంత సంతోషం వేసిందో.

కానీ మూడు రోజుల తర్వాత సాయంత్రం గట్టి వాన కొట్టింది. చాలా తగ్గింది, కానీ ఇంకా అరచేయంత మేర తడి ఉంది. అంటే రెండో దారి కూడా ఉందా?

మంచిర్యాల_వ్యాన్:
ఉండొచ్చు. పాత బండికి ఒకటే దారి ఉండాలని లేదు. తలుపు చూడండి. కిటికీ అద్దం మీది నుంచి కొన్ని నీళ్లు తలుపు లోపలికి దిగడం మామూలే, తలుపు అడుగున ఉండే సన్న రంధ్రాల నుంచి బయటకు పోతాయి. మేం మేడారం జాతరకు ట్రిప్పులు కొడతాం. ఆ దుమ్ము, తర్వాత వాన పడితే అదే బురదై రంధ్రాల్లో సిమెంటులా గడ్డకడుతుంది. తలుపు వేసేటప్పుడు కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడు వస్తే అదే లెక్క. తలుపు అట్ట వెనక ప్లాస్టిక్ షీట్ ఒకటి అతికించి ఉంటుంది, దాన్నీ చూడండి. కొత్త స్పీకర్లు పెట్టేటప్పుడు చాలామంది ఆ షీట్ చించి పారేస్తారు. అది లేకపోతే నీళ్లు లోపలికే.

హన్మకొండ_టీచర్:
మాకు తడి వచ్చింది డిక్కీలో. స్టెప్నీ గుంతలో రెండు లీటర్లు నిలిచేవి. నేను వాడింది సుద్దపొడి. డిక్కీలో ఆచ్ఛాదన అంతా తీసి, పొడిబట్టతో తుడిచి, జాయింట్ల వెంబడి, లైట్ల చుట్టూ సుద్దపొడి పల్చగా చల్లాం. మా ఆయన టార్చ్ పట్టుకొని లోపల కూర్చున్నారు, నేను బయట పైపు పట్టాను. ఐదు నిమిషాలు కాలేదు, కుడి వెనక లైటు కింద సుద్దలో గీత గీసినట్టు నీటి చార. ఒకప్పుడు వెనక చిన్న డ్యాష్ తగిలితే లైటు విప్పి బిగించారు, అప్పుడు లోపలి రబ్బరు మడత పడింది. తడి ఆరిపోయినా సుద్దలో దాని దారి చెరగదు, అందుకే ఈ పద్ధతి మీకూ పనికొస్తుంది.

కాజీపేట_ఫిట్టర్:
టీచరమ్మ చెప్పిన పద్ధతి చాలా మంచిది. తమ్ముడూ, ఆదివారం ఇంకో మనిషిని తోడు పెట్టుకొని చేయండి. గ్లవ్ బాక్స్ విప్పేయండి, కార్పెట్ వెనక్కి మడిచేయండి, రేకు పూర్తిగా ఆరాలి. తడి రేకు మీద పరీక్ష చేస్తే పాత నీళ్లో కొత్త నీళ్లో తెలియదు. పైపు మామూలు ధార చాలు. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ వద్దు, అది మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూరుస్తుంది.

కింది నుంచి పైకి రావాలి. ముందు తలుపు కింది అంచు, తర్వాత జాలీ, తర్వాత అద్దం కింది అంచు, పక్కలు, చివరికి పైకప్పు. ఒక్కో చోట కనీసం పది నిమిషాలు. తొందరపడి మొదటే పైన పోస్తే నీళ్లు అన్నిటి మీదుగా కిందకు కారతాయి, ఏది లీకో ఇక చెప్పలేరు. నీళ్లతో దొరకకపోతే ఇంకో దారి ఉంది. తలుపులన్నీ మూసి, బ్లోవర్‌ను బయటి గాలి మీద పెట్టి ఫుల్‌గా తిప్పి, బయట జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. లోపలి గాలి తోసుకొచ్చే చోట బుడగలు లేస్తాయి. బండి వెనక గాలి పోవడానికి కావాలనే పెట్టిన దారులుంటాయి, అక్కడ బుడగలు వస్తే కంగారు పడొద్దు.

పరకాల_టింకరింగ్:
జాగ్రత్త ఒకటి. కొన్ని బండ్లకు ఆ కార్పెట్ కిందే వైర్ల కట్టలు, కంప్యూటర్ పెట్టె ఉంటాయి. వాటిని కదిపే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే ముట్టుకోవద్దు, అది ఎయిర్‌బ్యాగ్‌ది.

హన్మకొండ_పాతబండి:
దొరికింది!! వివరంగా రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

మా బావమరిది పైపు పట్టాడు. నేను ఎడమ సీటు వెనక్కి జరిపి, తల కింద పెట్టి, టార్చ్‌తో గ్లవ్ బాక్స్ లోపలికి చూస్తూ పడుకున్నాను. ఇంజన్‌కు మనకు మధ్య ఉండే రేకు మీద సుద్దపొడి రాశాం. తలుపు దగ్గర పది నిమిషాలు, ఏమీ లేదు. జాలీ మీద పోశాం. ఎనిమిదో నిమిషంలో, బ్లోవర్ పక్కన ఒక నల్ల వైరు కొసన చుక్క మెరిసింది. పడింది. మళ్లీ ఇంకొకటి. సుద్దలో ఎక్కడా చార లేదు, నీళ్లు రేకును తాకకుండా వైరునే పట్టుకొని వస్తున్నాయి.

ఆ వైరు కంపెనీది కాదు. నాన్న పొగమంచులో కష్టంగా ఉందని ఫాగ్ లైట్లు పెట్టించారు, 2012లో అనుకుంటాను. అప్పుడు అసలు వైర్ల కట్ట పోయే రబ్బరును కోసి, ఆ సందులోంచి ఈ వైరు తోశారు. బయట వైపు వైరు పై నుంచి వాలుగా వచ్చి సరిగ్గా ఆ కోతలో దూరుతోంది. నీళ్లకు అంతకన్నా మంచి దారి ఉండదు. ఇన్నేళ్లూ కాస్తే వచ్చేదేమో, మ్యాట్ కింద ఎవరూ చూడలేదు. తొట్టి నిండడం మొదలయ్యాక ఎక్కువైంది. తర్వాత అనుమానం తీరడానికి ముందు అద్దం మీద కూడా ఇరవై నిమిషాలు పోశాం. ఒక్క చుక్క రాలేదు. అద్దానికి అసలు ఏ జబ్బూ లేదు.

పరకాల_టింకరింగ్:
శభాష్ తమ్ముడూ. ఆ కోసిన రబ్బరును గమ్‌తో పూడ్చి వదిలేయకండి. వైరు బయటకు లాగి, వేరే రబ్బరు బుష్ పెట్టి మళ్లీ తోయండి, చుట్టూ పాలియురేతేన్ సీలెంట్ రాయండి. ముఖ్యమైనది, బయట వైపు వైరును రంధ్రం కంటే కిందకు ఒక వంపు దించి, తర్వాత పైకి తెచ్చి లోపలికి పెట్టాలి. అప్పుడు నీళ్లు ఆ వంపు అడుగునే రాలిపోతాయి. ఇంటి కరెంటు సర్వీసు వైరుకు ఇచ్చే వంపు లాంటిదే.

హన్మకొండ_టీచర్:
కార్పెట్ కింద నూలు పరుపు లాంటిది ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. పైన ఆరినట్టు కనిపించినా నెలల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది. వాసన దానిదే. అమ్మగారి ఆయాసానికి అది అసలు మంచిది కాదు, విప్పి ఎండలో వేయండి.

హన్మకొండ_పాతబండి:
వైరు పని మీరు చెప్పినట్టే వంపుతో సహా చేయించాను. బుష్, సీలెంట్, కూలి కలిపి 350 అయింది. కార్పెట్, కింది పరుపు డాబా మీద వేశాను. మధ్యమధ్యలో మబ్బు పట్టడంతో ఎండడానికి ఐదు రోజులు పట్టింది. రేకు మీద రెండు చోట్ల తుప్పు మొదలైంది, గీకి ప్రైమర్ కొట్టాం. అద్దం చుట్టూ ఉన్న సిలికాన్ పుల్లటి వాసనదే, దాన్ని ప్లాస్టిక్ గీకుడు పుల్లతో మెల్లగా తీస్తున్నాను.

నిన్న రాత్రంతా వాన. కార్పెట్ ఇంకా వేయలేదు, రేకు మీద పాత పేపర్లు పరిచి పెట్టాను. పొద్దున్న తీసి చూస్తే పేపరు గరగరలాడుతోంది. పదింటికి అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి భద్రకాళి గుడికి తీసుకెళ్లాను. దారి పొడవునా అద్దం కొంచెం దించే ఉంచింది, అలవాటు కొద్దీ.

కాజీపేట_ఫిట్టర్:
సంతోషం తమ్ముడూ. ఇంకో రెండు గట్టి వానలు చూసే దాకా కార్పెట్ వేయకండి, పేపర్లే ఉంచండి. ఆ జాలీ మాత్రం ఆకు రాలే కాలంలో నెలకోసారి చూసుకోవాలి.