అప్‌డేట్: పిల్లల సెక్షన్ ఫ్రాకులు పెద్దవాళ్లకి పడతాయా?

4 అడుగుల 10 అంగుళాల పొడవు, 33 అంగుళాల ఛాతీకి నెల్లూరులో పిల్లల సెక్షన్ ఫ్రాకులు పనికొస్తాయా అని అడిగాను కదా. పనికొస్తాయి. కాకపోతే ట్యాగు మీద వయసు చూసి కొనకండి. 13-14 ఏళ్లు అన్నదాని పక్కన 164 అని ఉంటే అది సెంటీమీటర్లలో ఒంటి పొడవు, ఛాతీ కాదు. టేపు వెంట తీసుకెళ్లి, ఫ్రాకు పరిచి, చంక కింద అడ్డంగా కొలవండి. 17½ అంగుళాలు వస్తే చుట్టుకొలత 35, అంటే రెండంగుళాల వదులు.

అసలు చిక్కంతా చంక దగ్గరే. పిల్లల ఫ్రాకుకి డాట్లు (ఛాతీ షేపు కోసం మడిచి వేసే కుట్లు) ఉండవు, చంక చిన్నగా కోస్తారు. అందుకే ముందువైపు గుడ్డ ఛాతీ మీద లాగి, నడుం కుట్టు పైకి ఎక్కుతుంది. పక్కకుట్టు తిప్పి చూడండి. లోపల అంగుళం గుడ్డ వదిలి ఉంటే, పావు అంగుళం మిగిల్చి, విప్పి మళ్లీ కుట్టిస్తే రెండువైపులా కలిపి మూడంగుళాలు వస్తుంది. అప్పటికీ చంక కొరుకుతుంటే ఫ్రాకు బెల్టులోంచి గుడ్డ తీసి చంకలో డైమండు ఆకారం ముక్క వేయించండి. కాటన్‌కి ఇదంతా కుదురుతుంది. శాటిన్, వెల్వెట్ విప్పితే సూదిగుర్తులు పోవు, వాటి జోలికి పోవద్దు.

ట్రంకురోడ్డు షాపుల్లో "పాపకెన్నేళ్లు?" అంటారు. నాకే అని చెప్పండి, ఇందులో మొహమాటం ఎందుకు! వేసుకుని, చేతులెత్తి, కూర్చుని చూశాకే డబ్బు కట్టండి.

కొలత దొరక్కపోతే కుట్టించుకోండి: 44 అంగుళాల పన్నా కాటన్ మూడు మీటర్లు, కుచ్చులకి నడుం కొలతకి రెండింతలు. పీటర్‌పాన్ కాలరు (గుండ్రటి అంచులుండే చదును కాలరు) పెట్టిస్తే అందులో పల్చటి కాన్వాసు (బిగువు కోసం లోపల వేసే గుడ్డ) పెట్టమనండి, లేకుంటే ఉతికాక అంచులు చుట్టుకుపోతాయి.