అప్‌డేట్: మౌంట్ వాషింగ్టన్ రేసు పూర్తిచేశాను

కొండలు లేని ఊళ్లో ఉంటూ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో కొండ శిఖరం దాకా పరుగెత్తే మౌంట్ వాషింగ్టన్ రోడ్ రేసుకు ఎలా సిద్ధం కావాలని ఫిబ్రవరిలో అడిగాను. ట్రెడ్‌మిల్‌ను 12 శాతం ఏటవాలుకు పెట్టి, పరుగుతో పాటు వేగంగా నడవడమూ సాధన చేయమన్న మీ సలహాయే నన్ను శిఖరానికి చేర్చింది. 12.2 కిలోమీటర్ల దారిలో దాదాపు 1,420 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మొదటి మైలులోనే ఉత్సాహం కొద్దీ పరుగెత్తడంతో పిక్కలు బిగుసుకుపోయాయి (వద్దని మీరు చెప్పిన పనే అది). సగం దారి దాటి, చెట్లు కనుమరుగై, ఎదురుగాలి మొదలయ్యాక వంద అడుగులు పరుగు, వంద అడుగులు నడక అనే లెక్కకు దిగాను. విచిత్రంగా, ఆపకుండా పరుగెత్తుతున్న పక్కవారు నాకంటే ఎంతో ముందుకు పోలేదు. ముగింపు దగ్గరి 22 శాతం ఏటవాలును మాత్రం చేతులు మోకాళ్లపై ఆనించి నడిచే ఎక్కాను. మొత్తం 2 గంటల 21 నిమిషాలు పట్టింది. జూన్‌లోనైనా శిఖరంపై చలి ఉంటుందని, నడుముకు జాకెట్ కట్టుకోమని చెప్పినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.