అరుంధతీ వసిష్ఠులు నిజంగా జంట తారలేనా?

సందేహాలరావు: పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, వాట్సాప్‌లో అదే మెసేజ్. "మామూలు జంట నక్షత్రాల్లో ఒకటి కదలదు, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. అరుంధతీ వసిష్ఠులు మాత్రం ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. ఋషులకిది ముందే తెలుసు, అందుకే కొత్త దంపతులకు చూపిస్తారు." నిజమేనా?

ఉత్తరధ్రువం: మొదటి ముక్కే తప్పండీ. జంట తారలు ఏవైనా సరే, రెండూ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం (రెండింటి బరువూ తూగే బిందువు) చుట్టూ తిరగాల్సిందే. బరువైనది తక్కువ కదులుతుంది, అంతే. ఇక వసిష్ఠుడు (మిజార్), అరుంధతి (ఆల్కార్) సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఒకే దిక్కుగా పోతున్న మాట నిజమే. సప్తర్షి మండలంలో ఇంకొన్ని తారలూ వాటితోపాటే పోతున్నాయి. ఒకే బస్సెక్కినవాళ్లంతా ఒకే ఇంటివాళ్లా?

గోదారోడు: బస్సు పోలిక బాగుంది కానీ గురువుగారూ, 2009లో దొరికిన సంగతి వదిలేశారు. అరుంధతి పక్కన మసకగా ఓ చిన్న తార బయటపడింది. వసిష్ఠుడు టెలిస్కోపులో రెండుగా కనిపిస్తాడు. ఆ రెండింట్లో పెద్దదాని వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) ఒక గీత రెండుగా చీలి మళ్లీ ఒకటవడం 1889లో ఖగోళ శాస్త్రవేత్త పికరింగ్ ప్రకటించారు. అంటే రెండు తారలు ఒకటి మనవైపు, ఒకటి అవతలికి కదులుతూ తిరుగుతున్నాయన్నమాట. కాబట్టి అదీ జంటే, చుట్టుకు 20 రోజుల పైచిలుకు. రెండోదీ జంటే. మొత్తం ఆరు. 2009 నాటి కొలతలు చేసినవాళ్లు ఆరూ ఒకే కుటుంబమనే తేల్చారు.

ఉత్తరధ్రువం: సరే, కుటుంబమే అనుకుందాం. అరుంధతికీ వసిష్ఠుడికీ మధ్య కనీసం పావు కాంతి సంవత్సరం. ఒక్క చుట్టుకు లక్షల ఏళ్లు. కంటితో చూసి అది తిరుగుతోందని ఎవరు చెప్పగలరు?

పౌరోహిత్యం ఇంటివాడు: మా ఇంట్లో ఎవరూ కక్ష్యల ఊసెత్తగా వినలేదు. అరుంధతి పాతివ్రత్యానికి గుర్తు, అందుకు చూపిస్తారు. ముందు పెద్ద చుక్క చూపి, దాని పక్కనున్న చిన్నదానికి చూపు మళ్లించడమే స్థూలారుంధతీ న్యాయం. చిన్నది కనబడటం కష్టమనేగా ఆ తంటా! దీనికి సైన్సు సర్టిఫికెట్ ఎందుకండీ? కార్తీకంలో రాత్రి తొమ్మిదింటి ముహూర్తానికైతే మన ఊళ్లలో సప్తర్షులు ఇంకా ఉదయించనే ఉదయించరు. అయినా వీడియో కోసం వధూవరులు పైకి చూసి "కనబడింది" అంటారు.

గోదారోడు: ఋషుల సంగతి మీకే వదిలేశాను. తారలు గురుత్వాకర్షణతో ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయన్నదే నా వాదన, దాన్ని వదలను.

సందేహాలరావు: మరి నేనెప్పుడు చూడాలి?

ఉత్తరధ్రువం: వైశాఖంలో రాత్రి ఎనిమిదయ్యాక, ఉత్తరం వైపు. సప్తర్షులు గరిటె ఆకారంలో కనిపిస్తారు, ఆ గరిటె కాడ చివరినుంచి రెండోది వసిష్ఠుడు. వీధి దీపాలకు దూరంగా వెళ్లండి.