'వాపసు' అంటే ఏది వాపసు?

కొన్న సరుకు కస్టమర్ వెనక్కి పంపడాన్ని 'రిటర్న్' అంటారు కదా, మొన్న ఈ గ్రూపులో దానికి తెలుగు మాట అడిగినప్పుడు ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఎక్కువమంది 'వాపసు' అన్నారు. ఇద్దరు 'మరలింపు' అన్నారు. ఒక పెద్దాయన మాత్రం, వాపసు పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, మనది కాదు అన్నారు. నిజమేనండీ. జమ, ఖర్చు, దుకాణం, వసూలు కూడా ఆ దారినే వచ్చాయి. వాటినీ పంపించేస్తే కొట్లో కూర్చుని సైగలు చేసుకోవాలి.

నా ఇబ్బంది మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు. నేను రాస్తున్నది ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మేవాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు వాడకం పుస్తకం. కస్టమర్లు వెనక్కి పంపిన సరుకు లెక్కంతా అందులోనే నడుస్తుంది. చదివేది మేడ్చల్ వైపు గోడౌన్లో పార్సిళ్ళు విప్పే పిల్లలు, ఫోన్ల దగ్గర కూర్చునేవాళ్ళు. స్క్రీన్ మీది మాటలు, కస్టమర్‌కి వెళ్ళే మెసేజీలు కూడా నేనే రాశాను. సరుకు గోడౌన్‌కి చేరినప్పుడు వెళ్ళే మెసేజీకి 'వాపసు పూర్తయింది' అని పెట్టాను. వారం తిరక్కుండా ఒకావిడ ఫోన్ చేశారు.

"వాపసు పూర్తయిందని మెసేజ్ వచ్చిందండీ, బ్యాంకులో రూపాయి కూడా పడలేదు."

"అది చీర వాపసండీ, డబ్బు వాపసు ఇంకా కాలేదు."

"చీర ఇచ్చింది నేనే కదా బాబూ, అది వెళ్ళిన సంగతి నాకు తెలీదా?"

ఆవిడ మాటలో తప్పేముంది? ఇంట్లో మనం వాపసు అనే మాటను ఒంటరిగా వాడం. వాపసు ఇచ్చాను, వాపసు తీసుకున్నారు, వాపసు వచ్చింది అంటాం. ఎవరు ఎవరికిచ్చారో పక్కనున్న క్రియ చెబుతుంది. పన్ను వాపసు అంటే డబ్బు, నామినేషన్ వాపసు అంటే కాగితం. ఇంగ్లీషులో సరుకుకి రిటర్న్, డబ్బుకి రిఫండ్ అని రెండు పేర్లున్నాయి కాబట్టి బటన్ మీద ఒక్క మాట పెట్టినా సరిపోతుంది. మన దగ్గర ఆ తేడా అంతా క్రియలో ఉంది. క్రియ పీకేసి నామవాచకం ఒక్కటే అంటిస్తే వాపసుకి దిక్కు తెలియదు.

అందుకని స్క్రీన్ మీద వాక్యాలే పెట్టేశాను. 'సరుకు మాకు చేరింది.' 'చూశాం, బాగుంది.' 'డబ్బు పంపాం.' చివరిది 'డబ్బు పడింది' అని రాయాలని నోరూరింది గానీ, మనం పంపిన రోజే కార్డులో పడదు, మళ్ళీ అదే ఫోన్ వస్తుంది. క్రెడిట్ నోట్‌ని మాత్రం అలాగే ఉంచాను. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, వెనక్కి వచ్చిన సరుకుకి ఇచ్చే కాగితం పేరే అది. అకౌంటెంట్ అడిగేదీ ఆ పేరుతోనే.

'తిరిగి' అనండి, అచ్చ తెలుగు, గొడవ వదిలిపోతుంది అన్నవారికి ఒక సంగతి. పుస్తకం మొదటి కాపీలో 'డ్యామేజీ ఉంటే తిరిగి పంపండి' అని రాశాను. సప్లయర్‌కి వెనక్కి పంపమని నా భావం. గోడౌన్ కుర్రాడు దాన్ని 'మళ్ళీ పంపండి' అని చదువుకుని, కొంగు చిరిగిన చీరను శుభ్రంగా మడతపెట్టి అదే కస్టమర్‌కి ఇంకోసారి బుక్ చేశాడు. వాడిననేదేముంది, 'తిరిగి'కి రెండర్థాలూ ఉన్నాయి. తెలంగాణ సభ్యులు చెప్పిన 'మర్ల'తోనూ ఇదే చిక్కు: మర్ల వచ్చిండు అంటే ఇంకోసారి వచ్చాడనే కదా. ఇప్పుడు పుస్తకమంతటా 'వెనక్కి' ఒకటి, 'మళ్ళీ' ఒకటి. 'తిరిగి' కనిపిస్తే కొట్టేస్తున్నాను.

ఇక 'బడు'. బిల్లు కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని చూస్తుంటాం కదా, మా ముసాయిదాలో దాని తమ్ముడు దూరాడు: 'మీ అభ్యర్థన తిరస్కరించబడింది.' ఎవరు తిరస్కరించారు, ఎందుకు? ముఖం చాటేయడానికి ఇంతకంటే మంచి వ్యాకరణం లేదు. పైగా 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపమున్న సరుకునో ప్రకటనలో చూపించినట్టు లేని సరుకునో వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి లేదు. కాబట్టి కాదనేటప్పుడు కారణం కనబడాలి. 'ఈ చీర తీసుకోలేం. ఉతికిన గుర్తులున్నాయి' అని మార్చాను. మా మేనేజర్‌కి ఇది మరీ ముఖం మీద అన్నట్టుందట. నాకలా అనిపించలేదు.

ఒకటి మాత్రం తేలలేదు. కస్టమర్ ఇంట్లో లేకపోయినా, వద్దన్నా గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసే పార్సిల్‌ని గోడౌన్లో 'ఆర్టీవో' అంటారు, రిటర్న్ టు ఆరిజిన్. కొత్తగా చేరిన ప్రతివాడూ లైసెన్సులిచ్చే ఆఫీసు అనుకుని నవ్వుతాడు. ఇక్కడొకరు 'తిరుగు టపా' అన్నారు. వినడానికి బాగుంది, కానీ అది వెంటనే రాసే జవాబుకి వాడే మాట. 'అందక వచ్చింది' అని పెట్టి చూశాను. ఫోన్ల దగ్గరి అమ్మాయి "ఎవరికి అందక?" అంది. రెండు మూడు మాటల్లో ఇమిడేది ఎవరికైనా తడితే చెప్పండి, స్క్రీన్లో అంతకన్నా చోటు లేదు.