పెండలం తాతది, కర్రపెండలం నాయనమ్మది: ఇదెలా వచ్చింది?

చినవాల్తేరు పిన్ని:
మా మేడమీద గదిలో ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటున్న నైజీరియా అబ్బాయి రెండేళ్లుగా అద్దెకుంటున్నాడు. ఇగ్బో వాళ్ల పిల్లాడు. ఆ దేశంలో ఆగ్నేయం వైపు వాళ్లది. పోయిన కార్తీకంలో "ఆంటీ, యామ్ దొరుకుతుందా?" అని అడిగితే ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి కంద తెచ్చిచ్చాను. ఇంగ్లీషులో మనం కందనే యామ్ అంటాం కదా. అది కాదన్నాడు. మర్నాడు కర్రపెండలం తెచ్చాను. చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి చూసి, "ఇది మా నాయనమ్మ పంట ఆంటీ, నేనడిగింది మా తాత పంట" అన్నాడు. మూడోసారి పెండలం తెచ్చాక గానీ మొహం విప్పారలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. మాది చోడవరం దగ్గర పల్లె. పల్లంలో వరి నాన్నది. మెట్టమీద చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) అమ్మవి. కాగితంమీద రెండూ నాన్నవే అనుకోండి, కానీ మెట్టలో విత్తనం దాచడం దగ్గర్నుంచి నూర్పు దాకా అమ్మే చూసుకొనేది. చుట్టాలొస్తే వరన్నం. మిగతా రోజుల్లో మేం తాగింది చోడంబలి. నాన్న గాదె గురించి ఊరంతా చెప్పుకొనేవారు. అటకమీద అమ్మ కుండల గురించి ఎవరూ ఎత్తేవారు కాదు. వాన పడని ఏడు మమ్మల్ని బతికించింది ఆ కుండలే.

ఈ ఆగస్టులో వాళ్లకి కొత్త పెండలం పండగట. ఇక్కడే చేసుకుంటానంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి. పంటకి ఆడా మగా తేడా ఎలా వచ్చింది? కర్రపెండలం వాళ్లకి ఎప్పుడొచ్చింది? ఈ నెలలో పెండలం నాకెక్కడ దొరుకుతుంది?

సీతమ్మధార మాస్టారు:
అమ్మా, నేను 1980ల్లో అప్పటి అనాంబ్రా రాష్ట్రంలో ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది అలా టీచర్లుగా వెళ్లారు. మీ అబ్బాయి మాట నూటికి నూరుపాళ్లు నిజం.

పెండలాన్ని వాళ్లు "జి" అంటారు. తొలి వానలకి మట్టి కుప్పలు పోసి, ముక్కలు నాటి, తీగ పాకడానికి ఒక్కొక్క కర్ర పాతాలి. తవ్విన దుంపల్ని నిలువు కర్రలకి ఒకదానిమీద ఒకటి కట్టి, గాలి ఆడేలా ఆరుబయట దాచేవారు. దాన్ని "ఓబా" అంటారు. ఎవరి ఓబా ఎంత పొడవుంటే వాళ్లది అంత మాట. పెద్ద రైతుకి "ఎజె జి", అంటే పెండలం రాజు అని బిరుదు. దుంపకో దేవత కూడా ఉంది, ఇఫెజియొకు. ఆడవాళ్లు ఆ కుప్పల మధ్య ఖాళీల్లో మొక్కజొన్న, చిక్కుళ్లు, కూరలు వేసుకొనేవారు. చేమ కూడా వాళ్లదే. అది ఏనాడో మన ఆసియా నుంచి అక్కడికి చేరిన దుంప.

అసలు కిటుకు విత్తనంలో ఉంది. పెండలంలో తినేదీ దుంపే, నాటేదీ దుంపే. పండినదాంట్లో పెద్ద భాగం మళ్లీ నేలకి దాచాలి. లేనివాడు విత్తనం కోసం ఉన్నవాడి గుమ్మం ముందు నిలబడి, పాలుకి తీసుకోవాలి. కర్రపెండలం అలా కాదు. దుంపంతా తినేసి కాడ విరిచి గుచ్చితే చాలు. కాడలు ఎవరైనా ఊరికే ఇస్తారు. సారం లేని నేలలోనూ వస్తుంది, ఏడాది దాటినా భూమిలో ఉంచుకొని కావలసినప్పుడు తవ్వుకోవచ్చు. ఇక ఎవరి గుమ్మం ఎక్కాలి చెప్పండి? దాన్ని ఆడవాళ్లు, బీదవాళ్లు పట్టుకున్నారంటే అందుకే.

బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు 1500ల్లోనే ఆఫ్రికా తీరానికి తెచ్చినా, ఇగ్బో పల్లెల్లో అది గట్టిగా పాకింది 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో. 1918 సెప్టెంబరులో ఓడలమీద లాగోస్ రేవుకి ఇన్‌ఫ్లూయెంజా దిగింది. అక్కణ్నుంచి పల్లెలకి పాకి జనం రాలిపోయారు. పెండలం వేళకి చాకిరీ అడిగే పంట, చేసే చేతులు తగ్గిపోయాయి. అప్పుడు కర్రపెండలం ఇంటింటికీ వచ్చిందని చరిత్రకారులు రాశారు. మా ఊళ్లో ఒక ముసలమ్మ నాతో "మగాళ్లు దాన్ని వెక్కిరించారు, తర్వాత దాన్నే తిన్నారు" అంది. ఆవిడ మొహం నాకిప్పటికీ గుర్తుంది.

పాడేరు అమ్మాయి:
పిన్నిగారూ, ఇలాంటి కొత్త పంట పండగని మా ఏజెన్సీలో "కొత్త" అంటాం. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, సామ కొత్త, కంది కొత్త. ముందు దేవతకీ పెద్దలకీ పెట్టాలి. పెట్టే దాకా మా అమ్మమ్మ చెట్టుకింద రాలిన మామిడికాయ కూడా ముట్టదు. నేను వైజాగ్ హాస్టల్లో చేరిన మొదటి ఏడు మెస్సులో మామిడికాయ పప్పు పెట్టారు. ఇంట్లో ఇంకా కొత్త కాలేదు. కంచం ముందు కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. "తిను, నీ పేరు మీద నేను దణ్ణం పెట్టుకుంటాను" అంది. తిన్నాను గానీ గొంతు దిగలేదు.

ఇప్పుడు మా కొండమీద సామలు వేసేవాళ్లు తగ్గిపోయారు. పొలంలో కాఫీ, ఇంట్లో రేషన్ బియ్యం. అయినా సామ కొత్త మానలేదు. గుప్పెడు సామలు ఎవరింటి నుంచైనా అడిగి తెచ్చి పెడతారు. ఆ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తాడు.

పెద్దాపురం కోడలు:
మా అత్తగారి వైపు కర్రపెండలం సగ్గుబియ్యం మిల్లుకే పోతుంది, బండెడు దుంపలు వెళ్లినా మా వంటింట్లోకి వచ్చేవి తక్కువ. పచ్చిది తినకూడదు, విషం ఉంటుంది. చేదు రకాల్లో మరీ ఎక్కువ. ఆఫ్రికాలో ఆడవాళ్లు దుంప చెక్కు తీసి, కోరి, గోనెసంచిలో కట్టి, పైన బరువు పెట్టి రెండు మూడు రోజులు పులియబెడతారు. నీరంతా పోయాక జల్లించి పెద్ద పెనంమీద వేయిస్తారు. అదే గారీ. నెలల తరబడి నిలవుంటుంది, సంతలో అమ్ముకోవచ్చు. వేణ్నీళ్లలో వేసి కలిపితే మన సంకటిలా ముద్దవుతుంది.

ఇంకోటి. మీ అమ్మగారు మెట్టలో వేసిన గంటెలున్నాయే, వాటి పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. మాలీ ప్రాంతంలో సుమారు 4500 ఏళ్ల కిందటే పండించారు. బొబ్బర్లు కూడా అటునుంచి వచ్చినవే. నైజీరియాలో బొబ్బర్లు రుబ్బి నూనెలో వేయించి "అకరా" అని పొద్దున్నే తింటారు. బొబ్బర గారెలు వేసి పెట్టండి, వాళ్లింటి రుచి తగుల్తుంది.

చినవాల్తేరు పిన్ని:
గారెలు వేశాను. తొమ్మిది తిన్నాడు. వాళ్ల భాషలో కర్రపెండలాన్ని "జి అక్పు" అంటారట, అందులోనూ "జి" ఉంది. మనమూ పెండలం పేరుకి కర్ర తగిలించాం. కొత్తగా వచ్చిన దుంపకి పాతదాని పేరు పెట్టి పిలుచుకోవడం ఇద్దరికీ తోచింది చూశారా! మాస్టారూ, ఒక్కమాట చెప్పండి. సొంత పంట చేతికొచ్చాక ఆడవాళ్ల మాట పెరిగిందా?

సీతమ్మధార మాస్టారు:
ఒక్క దుంపవల్లే అని నేననను. పామాయిల్, ఆ పామ్ కాయల పిక్కలు, సంతలో చిల్లర బేరాలు, అన్నీ కలిసి వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. 1928లో బ్రిటిషువాళ్లు అక్కడి మగవాళ్లమీద పన్ను వేశారు. 1929 నవంబరులో ఒలోకో అనే ఊళ్లో న్వాన్యెరువా అనే వితంతువు నూనె తీస్తుంటే, లెక్కలవాడు వచ్చి నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, ఇంట్లో మనుషులెందరని అడిగాడు. పన్ను తమ మీదికీ వస్తోందని ఆవిడకి అర్థమైంది. "మీ అమ్మని లెక్కపెట్టారా?" అని ఎదురడిగింది. కబురు సంతల మీదుగా పాకి వేలమంది ఆడవాళ్లు కదిలారు. కాల్పుల్లో యాభైమందికి పైగా చనిపోయారు. కానీ ఆడవాళ్లమీద పన్ను వేయలేదు. సర్కారు నిలబెట్టిన ఊరి పెద్దల పద్ధతి కూడా తర్వాత మారింది.

ఇవాళ పెండలంలోనూ కర్రపెండలంలోనూ ప్రపంచంలో మొదటి స్థానం నైజీరియాదే. పండగ మాత్రం పెండలానికే చేస్తారు. కర్రపెండలానికి పండగ చేయగా నేనున్నన్నాళ్లూ చూడలేదు. నాకది బాధగానే ఉండేది.

చినవాల్తేరు పిన్ని:
పూర్ణా మార్కెట్టంతా తిరిగాను. ఈ నెలలో పెండలం లేదు. అబ్బాయికి చెప్తే కంగారు పడలేదు. పోయినేడు మిగిలిన ముక్క నేను పెరట్లో పాతాను, అది మునగచెట్టుకి పాకి ఇప్పుడు నిలువెత్తుంది. చూపించాను. "సంక్రాంతికి ఊరుతుంది" అంటే, "అయితే అప్పుడే పండగ, మన నేలలో పండిందే పెట్టాలి" అన్నాడు. తవ్వేదెవరని అడిగాడు. నాటింది నేను, తవ్వేదీ నేనే అన్నాను. ఆ సాయంత్రం వాళ్ల నాయనమ్మకి వీడియోలో తీగ చూపించి నా మాట చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఏదో మాట్లాడింది. ఏమంటున్నారని అడిగితే, "పక్కన ఖాళీ ఉంది కదా, నాలుగు కర్రపెండలం కాడలు కూడా గుచ్చమంటోంది" అన్నాడు.